కోళ్ల షెడ్డు తలుపు తట్టిన ప్రిన్సిపాల్ గారు



ప్రతి సంవత్సరం డిసెంబరు 17వ తేదీన మనం పెన్షనర్ల దినం జరుపుకొంటున్నాము. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు నకారా గారి కేసులో తీర్పు చెప్పింది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పుతో తేలిపోయింది. నకారా గారిని గురించి మన సంచికలలో చాలామంది వ్రాశారు. ఈసారి ప్రత్యేక సంచికకు వేరొకరి జీవితం వ్రాస్తానని కార్యదర్శి గారిని కోరగా వారు సరేనన్నారు.

ఆవిడ మన దేశస్థురాలు కాదు. అమెరికాలో పుట్టి, అక్కడే టీచరుగా పనిచేసి, అక్కడే రిటైరైన మనిషి. పేరు ఎథెల్ పెర్సీ ఆండ్రస్. కాలం చేసి అర్ధ శతాబ్దం దాటిపోయింది. నెలనెలా డబ్బు చేతికి వచ్చినంత మాత్రాన ముసలితనం గట్టెక్కదని, మందులు, వైద్యం, ఇంట్లో పట్టుకొని నడిచే కమ్మీ దాకా ఎవరో ఒకరు చూడాలని, ఆ చూసేవాళ్లు రిటైరైనవాళ్లే ఎందుకు కాకూడదని ఆవిడ అడిగారు. అడిగి ఊరుకోకుండా చేసి చూపించారు. అందుకే ఆవిడ సంగతి మనం తెలుసుకోవాలి.

ఆవిడ పేరు నాకు తెలియడం కూడా చిత్రమే. నేను 2008లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. కొన్నేళ్లకు కాలిఫోర్నియాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లినపుడు, నేను కోరగా వాడు మమ్మల్ని ఓజై తీసుకొని వెళ్లాడు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు ఎన్నో ఏళ్లు నివసించి, 1986లో కన్నుమూసినది అక్కడే. చుట్టూ కొండలు, మధ్యలో నారింజ తోటలు ఉన్న చిన్న ఊరు. కృష్ణమూర్తి గారి కోసం వెళ్లినవాడికి, అదే ఊళ్లో రిటైరైన టీచర్ల కోసం 1954లో ఒకావిడ ఒక నివాసం ఏర్పాటు చేశారని అక్కడ తెలిసింది. పెన్షనరుకు ఇంతకన్న ఏం కావాలి? మా అబ్బాయి ఊరి గ్రంథాలయంలో దొరికినంత వరకు చదివాను.

ఆండ్రస్ గారు 1884 సెప్టెంబరు 21న శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు. తండ్రి న్యాయవాది. పిల్ల చిన్నగా ఉండగానే కుటుంబం చికాగోకు మారింది. అక్కడి విశ్వవిద్యాలయంలో 1903లో డిగ్రీ తీసుకొని, ఒక విద్యాసంస్థలో పాఠాలు చెప్పసాగారు. ఆ రోజుల్లో చికాగోలో జేన్ ఆడమ్స్ అనే మహాతల్లి హల్ హౌస్ అనే సేవా కేంద్రం నడిపేవారు. పరదేశాల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన బీదవారి మధ్యనే కాపురముండి, వారికి చదువు, వైద్యం, పిల్లల సంరక్షణ చూసే సంస్థ అది. ఆండ్రస్ గారు తీరిక వేళల్లో అక్కడ, అలాంటిదే మరొక కేంద్రంలోనూ పనిచేశారు. ఎదుటివాడి కష్టం ఏమిటో తెలియాలంటే వాడి ఇంటికి వెళ్లి చూడాలి అన్న అలవాటు ఆవిడకు అక్కడ పడిందని నా అభిప్రాయం. తరువాత జరిగిన కథంతా ఆ అలవాటులోంచి వచ్చిందే.

తండ్రి ఆరోగ్యం దెబ్బతినడంతో 1910లో కుటుంబం కాలిఫోర్నియాకు తిరిగి వచ్చింది. ఓజైకి దగ్గరలోనే ఉన్న శాంటా పౌలా అనే ఊరి హైస్కూలులో కొంతకాలం, ఆ తరువాత లాస్ ఏంజిల్స్‌లోనూ పనిచేశారు. ముప్పయ్యేళ్లు దాటిన కొత్తలోనే లాస్ ఏంజిల్స్‌లోని అబ్రహాం లింకన్ హైస్కూలుకు ప్రిన్సిపాల్ అయ్యారు. కాలిఫోర్నియా రాష్ట్రంలో హైస్కూలు ప్రిన్సిపాల్ అయిన తొలి మహిళ ఆవిడే అంటారు. ఆ స్కూలులో రకరకాల దేశాల నుంచి వలస వచ్చినవారి పిల్లలు. పిల్లలు పగలు చదివిన బడిలోనే తల్లిదండ్రులకు సాయంత్రం తరగతులు పెట్టించారు. ఉద్యోగం చేస్తూనే 1930లో డాక్టరేటు కూడా తీసుకొన్నారు. పెళ్లి చేసుకోలేదు.

దాదాపు మూడు దశాబ్దాలు అదే స్కూలుకు ప్రిన్సిపాల్‌గా ఉండి, 1944లో, తల్లి జబ్బుపడటంతో పదవీ విరమణ చేశారు. అప్పటికి ఆవిడకు సుమారు అరవై యేళ్లు. వచ్చిన పెన్షను నెలకు అరవై డాలర్ల చిల్లర. అంత పెద్ద స్కూలును అన్నేళ్లు నడిపిన మనిషికి అంత! ఆవిడకు సొంత ఆస్తి కొంత ఉంది కనుక ఇబ్బంది పడలేదు. కాని తన క్రింద పనిచేసిన మామూలు టీచర్ల సంగతి ఏమిటన్న ఆలోచన అప్పుడే మొదలైంది. తల్లి కోలుకొన్నారు. ఆండ్రస్ గారికి చేతినిండా సమయం మిగిలింది. కాలిఫోర్నియా రిటైర్డ్ టీచర్ల సంఘంలో సంక్షేమ బాధ్యత అప్పగిస్తే ఒప్పుకొన్నారు.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పాలి. సంక్షేమ బాధ్యత అంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. పేర్ల పట్టిక ఒకటి ఉంటుంది. వచ్చిన అర్జీని నమోదు చేసి పైకి పంపవచ్చు. ఏడాది చివర నివేదికలో ఇన్ని వచ్చినవి, ఇన్ని పరిష్కరింపబడినవి అని వ్రాయవచ్చు. ముప్పై నాలుగేళ్లు ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను, అలా చేసినా ఎవరూ తప్పుపట్టరు. ఆవిడ అలా చేయలేదు. ఒక వృద్ధురాలు కష్టంలో ఉన్నదని, కాస్త చూసి రమ్మని ఎవరో చెబితే, చిరునామా పట్టుకొని స్వయంగా వెళ్లారు. ఆ ఇంటివాళ్లు అటువంటి పేరుగల మనిషి ఇక్కడ లేదన్నారు. తరువాత గుర్తు తెచ్చుకొని, పెరట్లో ఉండే ముసలావిడ గురించి కాబోలు అన్నారు. పెరట్లో ఉన్నది కోళ్ల షెడ్డు. తలుపు తట్టితే బయటకు వచ్చినది ఒక రిటైర్డ్ టీచరు. ఒకప్పుడు స్పానిష్ భాష బోధించి మంచి పేరు తెచ్చుకొన్న మనిషి. ఆవిడకు వచ్చే పెన్షనుతో అంతకు మించిన చోటు అద్దెకు దొరకలేదు. జబ్బుగా ఉన్నారు. డాక్టరు దగ్గరకు వెళ్లడానికి చేతిలో డబ్బు లేదు.

ఆ టీచరుకు పెన్షను ఆగలేదు. ప్రతి నెలా వస్తూనే ఉంది. కాగితాల మీద అంతా సవ్యంగానే ఉంది. ఇది చదివినపుడు నాకు మన వార్షిక తనిఖీ గుర్తుకు వచ్చింది. లైఫ్ సర్టిఫికెట్ సకాలంలో ఇవ్వని వారికి పెన్షను ఆగుతుంది. ఆ మనిషి ఎందుకు ఇవ్వలేకపోయాడో, మంచంలో ఉన్నాడో, మెట్లు దిగలేక ఉన్నాడో చూసి రావడానికి ఏ నియమావళిలోనూ కాలమ్ లేదు. అది ఆఫీసుల తప్పని నేను అనను. ఆఫీసు పని ఆఫీసుది. తలుపు తట్టడం సంఘం పని.

1947లో ఆండ్రస్ గారు వివిధ రాష్ట్రాల రిటైర్డ్ టీచర్లందరినీ కలిపి జాతీయ స్థాయిలో ఒక సంఘం స్థాపించారు. నేషనల్ రిటైర్డ్ టీచర్స్ అసోసియేషన్ దాని పేరు. పెన్షను పెంచాలని, పెన్షను మీద పన్ను తగ్గించాలని అర్జీలు పెట్టారు, నాయకులను కలిశారు. ఆ భాగం మనందరికీ తెలిసిన విద్యే కనుక వదిలేస్తున్నాను.

తెలియనిది తరువాతి భాగం. కోళ్ల షెడ్డులోని టీచరును కుంగదీసింది అద్దె ఒక్కటే కాదు, జబ్బు. అప్పట్లో అమెరికాలో అరవై అయిదు దాటినవారికి ఆరోగ్య బీమా ఇచ్చేవారు దాదాపు లేరు. ఉద్యోగంలో ఉన్నంతకాలం యజమాని చేయించిన బీమా, రిటైరైన మరునాడు పోయేది. అంటే జబ్బులు వచ్చే వయస్సులో రక్షణ ఉండదు. ప్రభుత్వమే పెద్దవారికి ఆసుపత్రి ఖర్చు భరించే మెడికేర్ పథకం 1965లో గాని రాలేదు. ఆండ్రస్ గారు బీమా కంపెనీల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఏ కంపెనీకి వెళ్లినా ఒకటే సమాధానం, ముసలివాళ్లకు బీమా ఇస్తే దివాలా తీస్తామని. నలభై రెండు కంపెనీలు కాదన్నాయని చెబుతారు. నలభై రెండుసార్లు గుమ్మం దిగివచ్చి నలభై మూడో గుమ్మం ఎక్కాలంటే ఎంత ఓపిక ఉండాలో ఆలోచించండి. అప్పటికి ఆవిడకు డెబ్బయ్యేళ్లు.

చివరకు 1955 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో లియొనార్డ్ డేవిస్ అనే ముప్పయ్యేళ్ల బీమా ఏజెంటు దొరికాడు. అక్కడి రిటైర్డ్ టీచర్లకు ఇటువంటి ఏర్పాటు చేయడానికి ప్రయత్నించిన కుర్రవాడు. ఇద్దరూ కలిసి కాంటినెంటల్ కాజువాల్టీ అనే కంపెనీని ఒప్పించారు. కిటుకు చాలా తేలిక. ఒక్కొక్క ముసలివాడిని విడిగా చూస్తే వాడికి జబ్బు రావడం ఖాయంగా కనబడుతుంది. వేలమందిని ఒకే గుంపుగా చూస్తే ఆ ఏడాది ఆసుపత్రిలో చేరేవారు కొందరే. మిగిలినవారు కట్టిన సొమ్ము వారికి సరిపోతుంది. ఇప్పుడు మన హెల్త్ కార్డుల వెనుక ఉన్న లెక్క కూడా స్థూలంగా ఇదే. (కార్డు చూపిస్తే ముఖం చిట్లించే ఆసుపత్రులు ఉన్నాయన్నది వేరే సంగతి. నాకూ ఒకచోట ఆ అనుభవమైంది. దాని గురించి ఇక్కడ వ్రాయను.)

ఈ బీమా సంగతి తెలిసి టీచర్లు కానివారు కూడా ఉత్తరాలు వ్రాయసాగారు. మేమూ రిటైరయ్యాము, మాకెందుకు ఇవ్వరు అని. అంతమందిని కాదనలేక 1958లో ఆండ్రస్ గారు రెండవ సంఘం పెట్టారు. అదే అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ రిటైర్డ్ పర్సన్స్. దీనినే పొడి అక్షరాలలో ఎ.ఎ.ఆర్.పి. అంటారు. మన పిల్లలు అక్కడ స్థిరపడినవారైతే ఈ పేరు వినే ఉంటారు. యాభై నిండీ నిండకుండానే ఇంటికి కార్డు పంపుతారని అక్కడివారు తమాషాగా చెప్పుకొంటారు. అదే ఏడాది సభ్యుల కోసం ఒక పత్రిక ప్రారంభించి, ఓజై నుంచే దానికి సంపాదకత్వం వహించారు.

బీమా వచ్చింది. మందుల ధర మిగిలింది. పెన్షనులో సగం మందుల షాపుకు పోతున్నదని సభ్యులు మొరపెట్టుకొన్నారు. 1959లో సంఘం తరఫున పోస్టు ద్వారా మందులు పంపే ఏర్పాటు చేశారు. డాక్టరు వ్రాసిన చీటీ కవరులో పెట్టి పంపితే, తక్కువ ధరకు మందులు ఇంటికి వచ్చేవి. మందుల షాపులవారు గట్టిగా వ్యతిరేకించారు. ఆవిడ వెనక్కి తగ్గలేదు. అక్కడి సెనేటు కమిటీ మందుల ధరలపై విచారణ జరుపుతుంటే, దాని ముందుకు వెళ్లి పెద్దవారి గోడు వినిపించారు. ఇందులో ధర ఒక ఎత్తు, ఇంటికి రావడం ఒక ఎత్తు. మోకాళ్ల నొప్పితో షాపుదాకా నడవలేనివారికి, మంచు కాలంలో గడప దాటలేనివారికి ఆ పోస్టుమాన్ డాక్టరుతో సమానం.

నాకు అన్నిటికన్న నచ్చినది మాత్రం ఆవిడ కట్టించిన ఇల్లు. 1961 జనవరిలో వృద్ధుల సమస్యల మీద అమెరికా ప్రభుత్వం వాషింగ్టన్‌లో పెద్ద జాతీయ సదస్సు జరిపింది. అలాంటి సదస్సులలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఉపన్యాసాలు, తీర్మానాలు, మధ్యాహ్న భోజనం. ఆండ్రస్ గారి సంఘాలు ఉపన్యాసాలతో ఊరుకోక, అక్కడ నిజమైన ఒక నమూనా ఇల్లు కట్టి చూపించాయి. దానికి స్వేచ్ఛా గృహం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పేరు గొప్పగా ఉన్నా లోపల ఉన్నవన్నీ చిన్న విషయాలే. ఇంట్లోకి వెళ్లడానికి మెట్లు లేవు. చక్రాల కుర్చీ పట్టేటంత వెడల్పు తలుపులు. జారని నేల. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీలు. ప్లగ్గులు వంగకుండా అందే ఎత్తులో. అలమరలు చెయ్యి పైకి చాపకుండా అందే ఎత్తులో. వెలుతురు ఎక్కువ. ఇంతే. ఇందులో ఒక్కటీ శాస్త్రజ్ఞుడు కనిపెట్టవలసినది కాదు. ముసలివాళ్లు రోజంతా ఇంట్లో ఎలా తిరుగుతారో దగ్గరుండి చూసినవాళ్లకే తడుతుంది.

ఆ పేరు ఎందుకు పెట్టారో నాకు రెండు రోజుల తరువాత గాని అర్థం కాలేదు. మనలో చాలామంది పిల్లలు దూరాన ఉన్నా, సొంత ఇంట్లో, సొంత వంటతో ఉండాలని పట్టుబడతాము. ఆ పట్టుదల ఎన్నాళ్లు సాగుతుంది? ఒకసారి బాత్రూంలో జారిపడేదాకా. తుంటి ఎముక విరిగిన మరుసటి నెల సామాను సర్దుకొని కొడుకు దగ్గరకో కూతురు దగ్గరకో వెళ్లవలసినదే. అంటే మన స్వాతంత్ర్యం ఆ గోడకు బిగించని రెండడుగుల స్టీలు కమ్మీ మీద ఆధారపడి ఉన్నది. దాని ఖరీదు ఎంత? నెల పెన్షనులో ఏ మూలకు?

అమెరికా నుంచి తిరిగి వచ్చాక టేపు పట్టుకొని మా ఇల్లంతా కొలిచాను. మా ఇల్లు ముసలివాళ్ల కోసం కట్టినది కాదు, నలభయ్యేళ్ల వయస్సులో లోను తీసుకొని కట్టుకొన్నది. వంటింటి గడప రెండంగుళాల ఎత్తు. బాత్రూంలోకి ఒక మెట్టు దిగాలి, దిగిన చోటనే నున్నటి టైలు, దాని మీద నీళ్లు. గ్రైండరు ప్లగ్గు నేలకు జానెడు ఎత్తున. ఏడాదికి సరిపడా పచ్చళ్ల జాడీలు అటక మీద. వాటి కోసం మా ఆవిడ స్టూలు ఎక్కుతుంది. బాత్రూంలో రెండు కమ్మీలు బిగించడం, ప్లగ్గు పైకి మార్చడం, గరుకు టైలు వేయించడం వారం రోజుల పని. అటక మీది జాడీలను క్రిందికి దింపించడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. మా అత్తగారి కాలం నుంచి జాడీలు అక్కడే ఉన్నాయని వాదన. చివరకు మనుమరాలు చెబితే దిగాయి.

1963లో ఆండ్రస్ గారు పెద్దవారు కొత్త విషయాలు నేర్చుకోవడానికి వాషింగ్టన్‌లో ఒక విద్యాసంస్థ పెట్టారు. వయస్సు వచ్చిందన్న ఒక్క కారణంతో పనిచేయగలిగినవారిని ఇంటికి పంపడాన్ని చివరిదాకా వ్యతిరేకించారు. మన రాష్ట్రంలో 1983లో పదవీ విరమణ వయస్సును యాభై ఎనిమిది నుంచి యాభై అయిదుకు తగ్గించినపుడు ఒక్క కలంపోటుతో ఇళ్లకు వెళ్లిన మన సీనియర్లను చూసినవారికి ఆవిడ బాధ వేరుగా వివరించనవసరం లేదు.

1967 జూలై 13న, ఎనభై రెండవ ఏట, కాలిఫోర్నియాలో ఆండ్రస్ గారు కన్నుమూశారు. చివరి వరకు సంఘం పనిలోనే ఉన్నారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వార్ధక్యంపై పరిశోధన జరిపే కేంద్రానికి 1973లో ఆవిడ పేరు పెట్టారు.

ఆవిడ పోయిన తరువాత అంతా సవ్యంగా సాగలేదని కూడా వ్రాయాలి. డేవిస్ సొంతంగా పెట్టుకొన్న బీమా కంపెనీకి ఈ సంఘం అమ్మకాల ఏజెంటుగా మారిపోయిందని 1970ల చివర గట్టి విమర్శలు వచ్చాయి. అక్కడి టెలివిజన్‌లో కూడా వచ్చింది. ఆ తరువాత సంఘం ఆ కంపెనీని వదులుకొన్నది. సంఘం పెద్దదై సొమ్ము చేరిన కొద్దీ లెక్కలు ఎవరు చూస్తున్నారన్నది ముఖ్యమవుతుంది. మన కోశాధికారి గారు ప్రతి రసీదూ సభలో చదువుతుంటే విసుక్కొనే సభ్యులు ఈ సంగతి గమనించాలి. 1982లో టీచర్ల సంఘం పెద్ద సంఘంలో కలిసిపోయింది. 1999లో పేరును పొడి అక్షరాలకే కుదించి, రిటైర్డ్ అనే మాటను తీసేశారు. ఉద్యోగంలో ఉన్నవారు కూడా సభ్యులు కావడమే కారణమట. నాకెందుకో ఆ మార్పు నచ్చలేదు. రిటైర్డ్ అని చెప్పుకోవడానికి మనకేమీ సిగ్గు లేదు గదా!

ఆవిడ పోయిన మరుసటి ఏడాది, 1968లో, ఆ సంఘం వారు మరొక పని ప్రారంభించారు. లెక్కలు తెలిసిన రిటైర్డ్ ఉద్యోగులు కొందరు కూర్చొని, తోటి వృద్ధులకు ఆదాయపు పన్ను ఫారాలు ఉచితంగా నింపిపెట్టడం. నలుగురు స్వచ్ఛంద సేవకులతో మొదలై దేశమంతా పాకింది. ఫారం నింపడం కన్న మనబోటి గుమాస్తాలకు తెలిసిన విద్య ఇంకేముంది? ఆ స్ఫూర్తితోనే నేను, మరో ఇద్దరు మిత్రులు ప్రతి మంగళవారం ఉదయం పది గంటల నుంచి ఒంటిగంట వరకు మన సంఘ కార్యాలయంలో కూర్చొంటున్నాము. లైఫ్ సర్టిఫికెట్‌ను ఫోనులో ముఖం చూపించి ఇవ్వడం, వైద్య ఖర్చుల బిల్లులు, ఫ్యామిలీ పెన్షను దరఖాస్తులు, బ్యాంకు ఫారాలు, ఏదైనా సరే తెచ్చుకోవచ్చు. వచ్చేవారు పి.పి.ఓ. నంబరు, ఆధార్ కార్డు, ఓ.టి.పి. వచ్చే ఫోను మరచిపోవద్దు. నడవలేనివారు, మెట్లు దిగలేనివారు ఎవరిచేతనైనా కబురు చేస్తే మేమే ఇంటికి వస్తాము. ఒక మిత్రుని వద్ద డ్రిల్లింగ్ మిషన్ కూడా ఉన్నది. కమ్మీ, స్క్రూలు మీరు కొని ఉంచితే చాలు.